కాలనీ పార్కులో పండుగ పందిరి: కార్పొరేషన్ స్థలంలో మత చిహ్నాలకు హద్దు ఎక్కడ?

ప్రశ్న: విజయవాడ కాలనీవాసి

నమస్కారం. మాది విజయవాడలో ఒక పాత లేఅవుట్ కాలనీ. మధ్యలో నగరపాలక సంస్థ వారి చిన్న పార్కు ఉంది. ఏటా వినాయక చవితికి అందులో పందిరి వేస్తాము. దసరాకు అదే పందిరిని పెంచి అమ్మవారిని నిలుపుతాము. శ్రీరామనవమికి పానకం, వడపప్పు పంచుతాము. ఖర్చు చందాలతోనే జరుగుతుంది గాని, దీపాల తోరణాలకు కరెంటు మాత్రం పార్కులోని వీధిదీపం స్తంభం నుంచే లాగుతారు. ఇన్నేళ్ళలో దీని మీద ఎవరూ ప్రశ్న లేవనెత్తలేదు.

ఈసారి సంక్షేమ సంఘం సమావేశానికి రెండు కోరికలు ఒకేసారి వచ్చాయి. ఏటా పందిరి వేయడం శ్రమగా ఉంది కాబట్టి పార్కు ఈశాన్య మూలలో శాశ్వతంగా సిమెంటు గద్దె కట్టుకుందామని కొందరు పెద్దలు అడిగారు. డిసెంబరులో క్రిస్మస్‌కు ముందు పది రోజుల పాటు అదే పార్కులో క్రీస్తు పుట్టిన పశువుల పాక బొమ్మలు, ఒక పెద్ద నక్షత్రం పెట్టుకుంటామని కాలనీలోని క్రైస్తవ కుటుంబాల వారు అడిగారు. రెండో కోరిక విన్న వెంటనే, పార్కు ప్రభుత్వానిది, మన రాజ్యాంగం లౌకికమైనది, కనుక అందులో మతానికి చోటు లేదు అని ఒకరు అన్నారు. అలాగైతే వినాయకుడి పందిరి మాట ఏమిటని ఇంకొకరు అడిగారు. అమెరికాలో ప్రభుత్వ స్థలంలో ఇలాంటివేవీ పెట్టనివ్వరని, మనమూ అదే పద్ధతి పాటించాలని మూడో వారు వాదించారు. సమావేశం ఏమీ తేలకుండానే ముగిసింది.

సంఘం కార్యదర్శిగా వచ్చే సమావేశానికి ఒక తీర్మానం సిద్ధం చేయవలసిన బాధ్యత నా మీద ఉంది. చట్టం ఏమి చెబుతుందో, న్యాయం ఏమిటో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. ఇరుగుపొరుగు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని పరిస్థితి రాకూడదన్నదే నా ఆందోళన.

సమాధానం: టౌన్ ప్లానింగ్ విశ్రాంత ఉద్యోగి

కార్యదర్శి గారికి నమస్కారం. మీ ముందున్న రెండు కోరికలూ ఒక జాతివి కావు. వాటిని కలిపి చర్చించడం వల్లనే సమావేశం దారి తప్పిందని నాకు అనిపిస్తోంది. పది రోజులు ఉండి తీసివేసే బొమ్మలు వేరు, సిమెంటు గద్దె వేరు. ముందుగా తేల్చవలసింది గద్దె సంగతి.

లేఅవుట్ మంజూరు చేసేటప్పుడు ఉమ్మడి అవసరాలకని వదిలిన ఖాళీ స్థలం స్థానిక సంస్థకు దఖలు పడుతుంది. ఆ తరువాత అది సంఘానిదీ కాదు, కార్పొరేటర్ గారిదీ కాదు. కమిషనర్ గారు సైతం దానిని పార్కుగా కాపాడవలసిన వారే తప్ప ఇష్టం వచ్చిన పనికి ఇచ్చే హక్కు ఉన్నవారు కారు. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించినప్పుడు, ఆసుపత్రి ఎంత మంచి పని అయినా సరే ఆ కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. ఇక దేవుడి పేరుతో కట్టే కట్టడాల విషయంలో 2009 సెప్టెంబరు 29 నాటి ఉత్తర్వు ఇంకా సూటిగా ఉంది. గుడి, చర్చి, మసీదు, గురుద్వారా పేరుతో వీధులలో, పార్కులలో, ఇతర బహిరంగ స్థలాలలో అనధికార నిర్మాణాలను ఇకమీదట అనుమతించరాదని ఆ రోజు సుప్రీంకోర్టు ఆదేశించింది. పార్కు అన్న మాట ఆ ఉత్తర్వులోనే ఉంది. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాలకు గాని కట్టడాలకు గాని రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వరాదని 2013 జనవరిలో మరో ఉత్తర్వు వచ్చింది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి గద్దెలు పెరిగే తీరును దగ్గర నుంచి చూశాను. మొదట గద్దె ఒక్కటే ఉంటుంది. తరువాత ఎండకూ వానకూ అంటూ నాలుగు ఇనుప స్తంభాలు నిలబెట్టి పైన రేకులు వేస్తారు. ఒక ఏడాది మట్టి విగ్రహాన్ని నిమజ్జనం చేసి ఊరుకోకుండా చిన్న రాతి విగ్రహాన్ని ప్రతిష్ఠిస్తారు. విగ్రహం ఉన్నచోట నిత్యదీపం ఉండాలి, దీపానికి పూజారి ఉండాలి, పూజారి భత్యానికి హుండీ ఉండాలి, హుండీ భద్రతకు గ్రిల్లు ఉండాలి. పదేళ్ళు తిరిగేసరికి పిల్లలు ఆడుకునే మూల ఆవరణ అయిపోతుంది, దానిని ముట్టుకునే ధైర్యం ఏ అధికారికీ ఉండదు. ఏ ఒక్క మతాన్నో ఉద్దేశించి ఈ మాట అనడం లేదు. రోడ్డు మార్జిన్‌లో లేచిన సిలువ గద్దెలు, జెండా చెట్టు చుట్టూ పెరిగిన చావిళ్ళు కూడా ఇదే క్రమంలో వచ్చినవే.

2016 ఆగస్టు కృష్ణా పుష్కరాలకు ముందు రోడ్ల విస్తరణ కోసం విజయవాడలో అనేక ఆలయాలను తొలగించినప్పుడు భక్తులు ఎంత క్షోభపడ్డారో ఈ ఊరివారికి చెప్పనక్కరలేదు. ఆ గాయం మానక, 2021 జనవరిలో ప్రభుత్వమే 9 ఆలయాల పునర్నిర్మాణానికి శంకుస్థాపన చేయవలసి వచ్చింది. వాటిలో కొన్ని ఎంతో పాతవి, వాటి చరిత్ర వేరు, వాటిని ఆక్రమణలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. దేవుడిని ఒకసారి నిలిపిన చోట నుంచి కదల్చడం ఎంత బాధాకరమో తెలిసినవాళ్ళం కనుక, కదల్చవలసి వచ్చే చోట నిలపకుండా ఉండడమే భక్తికి కూడా మర్యాద అంటున్నాను. గద్దె వద్దని రాయండి. పందిరి యథాప్రకారం వేసుకోండి.

సమాధానం: గుంటూరు న్యాయవాది

పై మిత్రులు గద్దె విషయం తేల్చారు. తాత్కాలిక ప్రదర్శనల విషయంలో చట్టం ఏమంటుందో నేను రాస్తాను.

మన లౌకికత్వంలో ప్రభుత్వానికీ మతానికీ మధ్య గోడ లేదు. మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకు రాష్ట్ర ప్రభుత్వం తరఫున ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు సమర్పిస్తారు. అదే ప్రభుత్వం రంజాన్ మాసంలో ఇఫ్తార్ విందు, క్రిస్మస్‌కు తేనీటి విందు ఇస్తుంది. 1987 నాటి దేవాదాయ చట్టం కింద ఆలయాల పాలన మీద ప్రభుత్వ అజమాయిషీ ఉంది. కాబట్టి ప్రభుత్వ స్థలంలో మతానికి చోటే లేదన్న వాదన మన రాజ్యాంగం నుంచి పుట్టినది కాదు. అలాగని హద్దులు లేవని కూడా అనుకోకూడదు. లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని 1994లో, రాష్ట్ర ప్రభుత్వాల రద్దుకు సంబంధించిన బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. ప్రభుత్వం అన్ని మతాలనూ సమానంగా చూడాలన్నది దాని సారాంశం.

25వ అధికరణం ప్రతి వ్యక్తికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛను ఇచ్చింది. ఆ స్వేచ్ఛ శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుంది. అయితే నా పండుగ ఫలానా కార్పొరేషన్ పార్కులోనే జరగాలని పట్టుబట్టే హక్కు ఈ అధికరణంలో లేదు. స్థలం ఎవరిదన్న ప్రశ్న ఎంత ముఖ్యమో 2022 వినాయక చవితి ముందురోజు, అంటే ఆగస్టు 30న, కర్ణాటకలో వచ్చిన రెండు ఉత్తర్వులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. బెంగళూరు చామరాజపేట ఈద్గా మైదానం యాజమాన్యం వివాదంలో ఉంది కాబట్టి అక్కడ యథాతథ స్థితిని కొనసాగించమని, అంటే చవితి ఉత్సవం అక్కడ జరపవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. అదే రాత్రి హుబ్బళ్ళి ఈద్గా మైదానం విషయంలో, స్థలం నగరపాలక సంస్థదేనన్నది వివాదంలో లేదు కాబట్టి ఉత్సవానికి ఇచ్చిన అనుమతిలో జోక్యం చేసుకోబోమని కర్ణాటక హైకోర్టు చెప్పింది. మీ పార్కు కార్పొరేషన్‌దేనన్న విషయంలో వివాదం లేదు కనుక అనుమతి ఇచ్చే అధికారమూ, ఇవ్వకపోవడానికి కారణం చెప్పవలసిన బాధ్యతా కార్పొరేషన్‌వే. 14వ అధికరణం ప్రకారం ఒకరికి ఇచ్చినదాన్ని అదే పరిస్థితిలో ఉన్న మరొకరికి నిరాకరించాలంటే సహేతుకమైన కారణం ఉండాలి. ఎదుటివారి మతం వేరు కావడం ఆ కారణం కాజాలదు.

వీధిదీపం స్తంభం నుంచి కరెంటు తీసుకోవడం గురించి మీరు రాసిన వాక్యాన్ని చాలామంది దాటి చదివి ఉంటారు. నా దృష్టిలో మీ కాలనీ వెంటనే సరిదిద్దుకోవలసిన విషయం అదే. ఒక నిర్దిష్ట మతాన్ని పోషించడానికే ప్రత్యేకించిన పన్నును చెల్లించమని ఎవరినీ బలవంతం చేయరాదని 27వ అధికరణం చెబుతుంది. హజ్ రాయితీ కేసులో 2011లో సుప్రీంకోర్టు దీనిని వ్యాఖ్యానిస్తూ, వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి వెళితేనే ఉల్లంఘన అవుతుందని చెప్పింది. ఆ కొలమానంతో చూస్తే నాలుగు తోరణాల కరెంటు 27వ అధికరణం దాకా వెళ్ళదు. కానీ అనుమతి లేకుండా స్తంభం నుంచి తీగ లాగడం విద్యుత్ చౌర్యం, పైగా వానాకాలంలో ప్రాణాంతకం. విద్యుత్ సంస్థకు డబ్బు కట్టి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. పందిరికైనా పాకకైనా ఇదే నియమం.

మైకు విషయంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అందరికీ వర్తిస్తాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండుగలకు, సాంస్కృతిక సందర్భాలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వగలిగింది రాష్ట్ర ప్రభుత్వం మాత్రమే. సంఘం తీర్మానం ఆ సమయాన్ని పొడిగించలేదు.

సమాధానం: న్యూజెర్సీలో ఉంటున్న గుంటూరు వాసి

అమెరికాలో ప్రభుత్వ స్థలంలో ఇలాంటివేవీ పెట్టనివ్వరన్న మాట మీ సమావేశంలో వచ్చింది గనుక రాస్తున్నాను. అది వాస్తవం కాదు. ఇక్కడి రాజ్యాంగపు మొదటి సవరణ ప్రభుత్వం మతాన్ని స్థాపించరాదని 1791 నుంచి చెబుతూనే ఉంది. మతానికీ రాజ్యానికీ నడుమ గోడ ఉండాలన్న మాట 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ రాసిన లేఖలోది. ఆ గోడ ఎక్కడ నిలబడుతుందన్న ప్రశ్న మీద ఇక్కడి సుప్రీంకోర్టు పలుమార్లు చీలిపోయింది.

రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని పాటకెట్ అనే ఊరిలో నగరపాలక సంస్థే క్రీస్తు జనన దృశ్యపు బొమ్మలను కొని ఏటా ప్రదర్శించేది. వాటి పక్కన శాంటా ఇల్లు, క్రిస్మస్ చెట్టు వంటివి కూడా ఉండేవి. 1984లో కోర్టు 5–4 తేడాతో ఆ ప్రదర్శనను సమర్థించింది. ఐదేళ్ళకే, 1989లో, పిట్స్‌బర్గ్‌లోని అలెఘెనీ కౌంటీ న్యాయస్థాన భవనంలో ప్రధానమైన మెట్ల మీద ఒక్క జనన దృశ్యాన్నే పెట్టడం చెల్లదని చెప్పింది. ఆ బొమ్మలు కౌంటీవి కావు, ఒక క్యాథలిక్ సంఘానివి. అయినా న్యాయస్థానం నడిబొడ్డున అది ఒంటరిగా నిలబడితే ప్రభుత్వమే ఆ మతాన్ని ఆమోదిస్తున్నట్టు కనబడుతుందని కోర్టు భావించింది. అదే తీర్పులో, మరో ప్రభుత్వ భవనం బయట 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన ఉన్న 18 అడుగుల యూదుల దీపస్తంభాన్ని మాత్రం ఉండనిచ్చింది.

మీ కాలనీకి దగ్గరగా ఉన్న కథ బోస్టన్‌ది. ఆ నగర కార్యాలయం ముందున్న ఒక జెండా స్తంభాన్ని పౌర సంఘాలకు వాడుకోనిచ్చేవారు. 2005 నుంచి 2017 దాకా 284 సార్లు జెండాలు ఎగరేశారు, ఏ దరఖాస్తునూ తిరస్కరించిన దాఖలా లేదు. 2017లో ఒక క్రైస్తవ సంస్థ తన జెండాను ఎగరేస్తానన్నప్పుడు, మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుగా ఉంచాలన్న కారణం చెప్పి మొదటిసారి కాదన్నారు. 2022లో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ తిరస్కరణను తప్పుబట్టారు. స్తంభాన్ని అందరికీ తెరిచిన తరువాత ఒక్కరి అభిప్రాయాన్ని బట్టి తలుపు మూయడం వివక్ష అన్నారు. అక్కడ ప్రశ్న భావప్రకటన స్వేచ్ఛకు సంబంధించినది, మనది 14వ అధికరణానికి సంబంధించినది. దారులు వేరైనా చేరే చోటు దగ్గరగానే ఉంది.

కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో జరిగింది కూడా మీ సంఘం ముందుగా తెలుసుకోవాలి. అక్కడ సముద్రపు ఒడ్డున ఉన్న పార్కులో దాదాపు 60 ఏళ్ళుగా చర్చిల వారు జనన దృశ్యాలు పెట్టేవారు. 2011లో దరఖాస్తులు ఎక్కువై లాటరీ తీస్తే 21 స్థలాల్లో 18 నాస్తికులకు వచ్చాయి. గొడవ ముదిరి, 2012లో నగర మండలి ఎవరికీ వద్దని మొత్తం ప్రదర్శనలనే నిషేధించింది. పట్టుదలకు పోతే అందరూ పోగొట్టుకునే అవకాశం ఉంది.

సమాధానం: పటమట పాఠకుడు

పై సమాధానాలన్నీ ఒకే ఊహ మీద నడిచాయి. అందరు దేవుళ్ళకూ తలా కొంత చోటిస్తే సమానత్వం వచ్చేసినట్టేనన్నది ఆ ఊహ. దానితో నేను ఏకీభవించలేను.

నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు 1940లో ముదునూరులో స్థాపించి 1947లో మా పటమటకు తరలించిన నాస్తిక కేంద్రం ఈ నగరంలోనే ఉంది. మతం లేకుండా సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఉద్యమంగా నడిచిన ఊరు ఇది. ఏ దేవుడూ లేని కుటుంబాలు, ఉన్నా పందిరి వేసుకునేంత బలగం లేని కుటుంబాలు మీ కాలనీలో కూడా ఉంటాయి. వంతులు వేసుకుని పంచుకునే పద్ధతిలో వారి వంతుకు వచ్చేది ఏమిటి? సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పార్కు ఏదో ఒక మతం చేతిలో ఉంటే, రోజూ నడిచే వృద్ధులకూ, ఆడుకునే పిల్లలకూ మిగిలేది ఎంత? ప్రభుత్వం పట్టువస్త్రాలు ఇచ్చి, ఇఫ్తార్ ఇచ్చి, తేనీటి విందు ఇచ్చి అందరినీ సమంగా చూశానని చెప్పుకున్నప్పుడు, పౌరులు తమ మతం పేరు చెప్పుకుని వరుసలో నిలబడడానికి అలవాటు పడుతున్నారు. రాజ్యాంగ సభలో కె.టి. షా గారు లౌకిక అన్న పదాన్ని రాజ్యాంగంలో చేర్చాలని 1948 నవంబరులో సవరణ ప్రతిపాదిస్తే అది వీగిపోయింది. చివరికి 1976లో 42వ సవరణతో పీఠికలోకి వచ్చింది. పదం వచ్చింది కాని, ప్రభుత్వ స్థలం అంటే మతాల వాటాలు తీసివేసిన తరువాత మిగిలే ఉమ్మడి స్థలం అన్న భావన ఇంకా రాలేదు.

నా మాట ఏమిటంటే, పార్కులో ఏదీ వద్దు. పందిళ్ళకు కల్యాణ మండపాలు, గుడి ఆవరణలు, చర్చి ఆవరణలు, ఇళ్ళ ముంగిళ్ళు ఉన్నాయి. ఆ నియమాన్ని ఇప్పుడే, అందరి మీదా, రేపటి వినాయక చవితితో సహా అమలు చేసే ధైర్యం మీ సంఘానికి ఉంటే చేయండి.

సమాధానం: గుంటూరు విశ్రాంత ఉపాధ్యాయిని

పటమట మిత్రుల చివరి వాక్యంలో ఉన్న షరతు చాలా విలువైనది. నేను దానినే పట్టుకుని మాట్లాడతాను.

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన తరువాత తరతరాలుగా ఇక్కడ క్రైస్తవం పాటిస్తున్న కుటుంబాలలో మాది ఒకటి. మేము ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళము కాము. మా వీధిలో వినాయకుడి పందిరికి నేను చందా ఇస్తాను, ఉండ్రాళ్ళ ప్రసాదం మా ఇంటికి వస్తుంది, క్రిస్మస్‌కు మా ఇంటి కేకు, అరిసెలు వీధంతా తిరుగుతాయి. ఇది ఎవరూ చట్టం చూసి చేస్తున్న పని కాదు.

కార్యదర్శి గారి ప్రశ్నలో నన్ను ఆపివేసిన విషయం ఒకటి ఉంది. పార్కు ప్రభుత్వానిదన్న సంగతి పందిరి వేసిన ఏళ్ళన్నిటిలోనూ ఎవరికీ గుర్తు రాలేదు. పశువుల పాక పెట్టుకుంటామన్న నిమిషంలోనే గుర్తు వచ్చింది. ఆ మాట అన్న పెద్దమనిషి మనసులో ద్వేషం ఉందని నేను అనుకోవడం లేదు. ఆయన నిజంగానే రాజ్యాంగాన్ని తలచుకుని ఉండవచ్చు. అయినా, రెండోవారు అడిగినప్పుడు మాత్రమే నిద్ర లేచే నియమం అడిగినవారి చెవికి నియమంలా వినిపించదు. మీరు ఇక్కడ అతిథులు అన్నట్టు వినిపిస్తుంది. చట్టం తెలిసినవారు దీనిని 14వ అధికరణం అన్నారు, బోస్టన్ అన్నారు. పాఠశాలలో నేను చూసిన పిల్లలకైతే ఇది ఏ అధికరణమూ లేకుండానే అర్థమయ్యేది.

నా వరకు నాకు పార్కులో పాక ఉండి తీరాలన్న పట్టుదల లేదు. ప్రభువు జన్మించిన చోటు ఎవరూ చోటివ్వని చోటే. పార్కులో ఏదీ వద్దని అందరూ కలిసి నిర్ణయిస్తే మా వాళ్ళు సంతోషంగా చర్చి ఆవరణలో పెట్టుకుంటారు. పందిరి ఉంటుంది, పాక ఉండదు అని నిర్ణయిస్తే మాత్రం ఆ కుటుంబాల పిల్లలు వచ్చే సెప్టెంబరులో పందిరి దగ్గరికి ఏ ముఖంతో రావాలో మీరే ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: విజయవాడ కాలనీవాసి

అందరికీ కృతజ్ఞతలు. గుంటూరు అమ్మగారు రాసినది మా కార్యవర్గ సభ్యులకు చదివి వినిపించాను. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత గద్దె కోరిన పెద్దలలో ఒకరే, గద్దె మాట వదిలేద్దాం, పిల్లల ఆటకు అడ్డం లేకుండా ఇద్దరికీ ఒకే కొలతల చోటు ఇద్దాం అన్నారు.

తీర్మానం ముసాయిదా ఇలా రాశాను. పార్కులో ఏ మతానికీ, ఏ నాయకుడికీ శాశ్వత కట్టడం ఉండదు. తాత్కాలిక ప్రదర్శన ఏదైనా కార్పొరేషన్, పోలీసు అనుమతులతోనే, పార్కులో నాలుగో వంతుకు మించని స్థలంలో, అనుమతిలోని గడువు మేరకే ఉంటుంది. కరెంటుకు ఎవరికి వారు తాత్కాలిక కనెక్షన్ తీసుకోవాలి. మతంతో సంబంధం లేని పుస్తక ప్రదర్శనకో, సైన్సు ప్రదర్శనకో ఎవరైనా అడిగితే వారికీ ఇవే షరతుల మీద అదే చోటు ఇస్తాము. పటమట మిత్రులు కోరినంత దూరం మా కాలనీ రాలేదు. ఆయన చెప్పిన నడక దారి, ఆట స్థలం మాత్రం ఏ పండుగకూ మూయకూడదని చేర్చాను. అనుమతి దరఖాస్తు సంఘం పేరు మీద పెట్టాలా, ఆ పండుగ జరుపుకునేవారి పేరు మీద పెట్టాలా అన్నది ఒక్కటే తేలలేదు.

సమాధానం: గుంటూరు న్యాయవాది

జరుపుకునేవారి పేరు మీదనే పెట్టించండి. సంఘం ఒకరికి దరఖాస్తుదారుగా ఉండి, మరొకరికి అభ్యంతరం లేదన్న పత్రం ఇచ్చేదిగా మారితే మళ్ళీ మొదటికి వస్తారు. ఇద్దరికీ ఒకే నమూనాలో అభ్యంతరం లేదన్న లేఖ ఇచ్చి, నకలు మీ రికార్డులో ఉంచుకోండి. డిసెంబరు ప్రదర్శనకు దరఖాస్తు నవంబరు మొదటి వారంలోనే చేరేటట్టు చూడండి. చివరి నిమిషంలో వచ్చిన దరఖాస్తును సమయం చాలలేదని పక్కన పెట్టడం తేలిక, అప్పుడు అది మతం కారణంగా జరిగిందో కాదో ఎవరూ తేల్చలేరు.